మేకలకి చెట్ల ఆకు, పొట్టు, తవుడు పెట్టేటప్పుడు వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

మేకకి ఏదైనా తేడా చేస్తే ముందు గత వారంలో మేతలో ఏం మార్చారో గుర్తు చేసుకోండి. చాలాసార్లు తప్పు ఆకుది కాదు, ఒక్కసారిగా మార్చడం, ఒక్కటే పెట్టడం వల్ల వస్తుంది.

కొత్త ఆకు వాసన చూసి వదిలేస్తున్నాయి

గ్లైరిసిడియా చెట్టు ఆకుతో ఇది మామూలే, పచ్చిగా ఉన్నప్పుడు ఆ వాసన వాటికి నచ్చదు. కోసిన కొమ్మల్ని ఒక పూట నీడలో వడలనిచ్చి, అలవాటైన మేతలో కొంచెం కొంచెం కలుపుతూ రెండు వారాలు ఓపిక పట్టండి, ఒకటి మొదలెడితే మిగతావి చూసి తింటాయి. మండల్ని కింద పడేయకండి, తొక్కిన మేత మేక ముట్టదు, కట్ట కట్టి మూతి ఎత్తులో వేలాడదీయండి.

వెంట్రుకలు రాలుతున్నాయి, చొంగ కారుతోంది, గొంతు దగ్గర వాపు

సుబాబుల్ మీదే నెట్టుకొస్తున్నారా? అయితే ముందు దాన్నే అనుమానించాలి. అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, అది కడుపులో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. దాన్ని విరగ్గొట్టే బాక్టీరియా కొన్ని ప్రాంతాల మేకల కడుపులో ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు, హవాయి మేకల నుంచి 1980ల్లో ఆస్ట్రేలియాకి తీసుకెళ్లి అక్కడి పశువులకి ఎక్కించారు కూడా. అందుకే ఒకరి మందకి పడిన మోతాదు ఇంకొకరి మందకి పడాలని లేదు. వెంటనే ఆపేయండి, కోలుకున్నాక మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా అవిశ, ఇతర ఆకులు, వేరుశనగ కట్టె కలిపి పెట్టండి, చూడి మేకలకి ఇంకా తగ్గించండి. వాపు దవడ కింద మెత్తగా నీరు పట్టినట్టు ఉంటే మాత్రం అది ఎక్కువగా కడుపులో పురుగుల వల్ల, దానికి పేడ పరీక్ష చేయించి మందు వేయించాలి.

ఎడమ డొక్క ఉబ్బింది

ఇక్కడ రెండు కారణాలు, కంగారులో కలిపేయకండి. మంచుతో తడిసిన లేత పప్పుజాతి మేత ఆకలి మీద తింటే గ్యాస్ నురగలా పట్టేస్తుంది, అప్పుడు వంటనూనె 100 మిల్లీలీటర్ల దాకా తాగించి నెమ్మదిగా నడిపించాలి. అదే తవుడు, నూక, గింజలు ఎక్కువ తిని ఉంటే కడుపు పులుస్తుంది, నెమరు ఆగి, పుల్లటి వాసనతో పల్చగా పారుతూ చతికిలబడిపోతుంది, దీనికి 20 గ్రాముల వంటసోడా నీళ్లలో కలిపి తాగించండి, గింజ మొత్తం ఆపేసి ఎండుమేత పెట్టండి. ఏది తాగించినా తల పైకెత్తి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే మందే ప్రాణం తీస్తుంది. ఊపిరి అందనట్టు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని పిలవాలి.

పోతు మూత్రం కోసం ముక్కుతోంది, చుక్కలే వస్తున్నాయి

తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, రోజూ అదే ఎక్కువగా పెడితే రాళ్లు కడతాయి. ఇది ఇంట్లో చూసుకునేది కాదు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. మిగతా పోతులకి తవుడు తగ్గించి, ఆకుమేత పెంచి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, ఆకులో కాల్షియం బాగా ఉంటుంది.

పొట్ట నిండుతోంది, ఒళ్లు రావట్లేదు

వరిగడ్డి, చొప్ప మీదే ఉంటే మాంసకృత్తులు చాలవు. ఎండబెట్టి చూస్తే సుబాబుల్ ఆకులో 20 శాతానికి పైగానే ఉంటాయి, వరిగడ్డిలో 4 శాతం అటూఇటూ. అందుకే రోజూ కొంత ఆకు తప్పనిసరి. ఒకవేళ తుమ్మ ఆకే ఎక్కువగా పెడుతుంటే అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆ మాంసకృత్తుల్ని పట్టేసుకుంటాయి, పెంటికలు గట్టిగా పడతాయి, వేరే ఆకు కలపండి.

వేరుశనగ చెక్క, కట్టె బూజు వాసన వస్తున్నాయి

పెట్టొద్దు. వేరుశనగ చెక్కకి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పడితే ఎండబెట్టినా ఉడకబెట్టినా పోదు, కాలేయం మెల్లగా పాడవుతుంది, మేత తగ్గి పాలు తగ్గాక గానీ మనకి తెలీదు. డబ్బులు పోయాయని కొంచెం కొంచెం కలిపి అవగొట్టడం కూడా వద్దు, పూడ్చేయండి.