తలనొప్పి లేకుండా వచ్చే టెంపొరల్ ఆర్టరైటిస్‌ను ఎలా పసిగట్టాలి?

కణతల్లో, తలలో ఉండే ధమనుల గోడలు వాచి, రక్తం వెళ్లే దారి ఇరుకైపోయే జబ్బు ఇది. జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అని కూడా అంటారు. కంటికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతే చూపు పోతుంది, చాలామందిలో ఇక తిరిగి రాదు. ఉత్తర ఐరోపా సంతతి వారిలో ఎక్కువ, మన దగ్గర అరుదు. అందుకే ఇక్కడ ఆలస్యంగా గుర్తొస్తుంది.

1. ముందు వయసు చూడండి. 50 ఏళ్లలోపు దాదాపు రాదు. 70 దాటినవారిలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ.

2. పెద్దవాళ్లను తలనొప్పి గురించి మాత్రమే అడిగి ఊరుకోకండి. "రొట్టె నములుతుంటే కాసేపటికి దవడ లాగేసి, ఆపితే తగ్గుతోందా?" అని అడగండి. అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. చాలామంది దీన్ని పంటి నొప్పి అనుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్తారు. దువ్వెన తగిలితే నెత్తి నొప్పి పుట్టడం, నాలుక నొప్పి, తగ్గని పొడి దగ్గు, పొద్దున్నే భుజాలూ తుంట్లూ బిగుసుకుపోవడం కూడా దీని గుర్తులు కావచ్చు. కొందరిలో జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత తప్ప ఇంకేమీ ఉండవు. అలాంటి జ్వరానికి మన డాక్టర్లు ముందు టీబీ కోసం వెతుకుతారు, అది సబబే. ఏమీ తేలకపోతే మాత్రం ఈ జబ్బు పేరు మీరే ఎత్తండి.

3. కంటికి కాసేపు తెర పడినట్టయినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వైద్యం అందకపోతే రోజుల్లోనే రెండో కన్నూ పోవచ్చు. దయచేసి రేపటికి వాయిదా వేయకండి.

4. రక్తపరీక్ష చేయించి ఈఎస్ఆర్, సీఆర్పీ (రెండూ ఒంట్లో వాపును తెలిపేవి), ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) చూపించండి. మామూలుగా మూడూ పెరుగుతాయి. కొద్దిమందిలో ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు.

5. నిర్ధారణకు కణత ధమని అల్ట్రాసౌండ్ లేదా బయాప్సీ (ధమని ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు. వాపు ధమని పొడవునా ఒకేలా ఉండదు, మధ్యమధ్యలో వదిలేస్తుంది. అందుకే కనీసం 1 సెంటీమీటరు ముక్క తీస్తారు. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మొదలుపెడతారు, సాధారణంగా రోజుకు 40 నుంచి 60 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్. మొదలుపెట్టాక రెండు వారాల్లోపు కూడా బయాప్సీ పనికొస్తుంది.

6. స్టెరాయిడ్ సొంతంగా వేసుకోకండి, నొప్పి తగ్గిందని హఠాత్తుగా ఆపేయకండి. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. షుగరు, బీపీ, ఎముకల బలం చూపించుకుంటూ ఉండాలి.