సీఈటీ లెక్కల జవాబులను సరిచూసుకోవడం ఎలా?

ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష కర్ణాటక సీఈటీ. దాని గణితంలో 80 నిమిషాలకు 60 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి ఒక మార్కు, తప్పు రాసినా కోత ఉండదు. పరీక్ష ముగిశాక బెంగళూరులోని మన తెలుగు పిల్లలు జవాబులు పోల్చుకునేటప్పుడు ముందుగా చూడవలసింది ప్రశ్నపత్రం వెర్షన్ కోడ్. వెర్షన్ మారితే ప్రశ్నల వరుస మారుతుంది కాబట్టి "పదిహేడోదానికి ఏం పెట్టావురా?" అని అడిగితే ప్రయోజనం లేదు, ప్రశ్నను చదివి వినిపించి, ఆప్షన్ అక్షరానికి బదులు దాని విలువను చెప్పుకోవాలి.

విలువలు వేరుగా కనిపించినంత మాత్రాన ఒకరిది తప్పని తేల్చేయకూడదు. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే ఒకరికి సైన్ స్క్వేర్ ఎక్స్‌లో సగం రావచ్చు, మరొకరికి కాస్ స్క్వేర్ ఎక్స్‌లో సగం రుణ గుర్తుతో రావచ్చు. ఆ రెండింటి మధ్య తేడా 1/2 అనే స్థిరాంకం మాత్రమే కనుక రెండూ సరైనవే. అనుమానం తీరకపోతే జవాబును అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, ఇచ్చిన ప్రమేయం తిరిగి వస్తుందో లేదో చూడాలి. హద్దులిచ్చే నిశ్చిత సమాకలనిలో మాత్రం విలువ ఒక్కటే కనుక ఈ వెసులుబాటు లేదు.

నలుగురికి ఒకే జవాబు వచ్చిందన్నది రుజువు కాదు. నలుగురూ ఒకే కోచింగ్‌లో ఒకే అడ్డదారి నేర్చుకుని ఉండవచ్చు.

మార్కులు లెక్కించేటప్పుడు ఓఎమ్మార్ జవాబు పత్రం అభ్యర్థి ప్రతిలో దిద్దిన వృత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. పరీక్ష నిర్వహించే కర్ణాటక పరీక్షా ప్రాధికార (కేఈఏ) తాత్కాలిక జవాబుల కీ విడుదల చేశాక ఏదైనా జవాబు తప్పనిపిస్తే, సాధనను, పాఠ్యపుస్తక ఆధారాన్ని జోడించి గడువులోగా అభ్యంతరం పంపాలి.