యోమ్ కిప్పూర్: క్షమాపణ ఎలా అడగాలి, ఉపవాసం ఎలా ఉండాలి?

యూదుల పంచాంగంలో తిష్రీ నెల 10వ రోజు యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం. మనకు సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో వస్తుంది. ముందురోజు పొద్దు గుంకక మునుపు మొదలై మర్నాడు చుక్కలు పొడిచేదాకా, దాదాపు 25 గంటలు, మంచినీళ్లు కూడా ముట్టరు. అయితే కష్టమైన భాగం ఆకలి కాదు. దేవుడి పట్ల చేసిన తప్పు ఆ రోజుతో పోతుంది కానీ, తోటి మనిషికి చేసిన తప్పు ఆ మనిషిని సమాధానపరిచేదాకా పోదని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా తేల్చి చెప్పింది. కాబట్టి తిష్రీ 1న, అంటే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా నుంచే పని మొదలుపెట్టాలి.

1. ముందు బాకీలు తీర్చండి. ఎగ్గొట్టిన అప్పు, ఆపిన కూలి, పాడుచేసిన వస్తువు ఉంటే డబ్బు చేతికిచ్చాకే క్షమాపణ మాట. సొమ్ము మన దగ్గరే పెట్టుకుని అడిగితే అది క్షమాపణ కాదు.

2. మనిషి దగ్గరికి వెళ్లండి. "తెలిసో తెలియకో తప్పు చేసి ఉంటే మన్నించండి" అని ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకే సందేశం పంపితే సరిపోదు. ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలి. "నలుగురిలో నిన్ను అవమానించాను, తప్పు నాదే" అంటే చాలు, కారణాలు చెప్పుకోవద్దు.

ఒప్పుకోకపోతే? 12వ శతాబ్దపు యూదు ధర్మవేత్త మైమోనిడీస్ చెప్పిన పద్ధతి ఇదీ: ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. అలా మూడుసార్లు అడిగినా కరగకపోతే వదిలేయవచ్చు, ఆ తర్వాత దోషం మన్నించని వారిదే. గురువు విషయంలో ఈ లెక్క లేదు, ఎన్నిసార్లయినా వెళ్లాల్సిందే. ఆ మనిషి చనిపోయి ఉంటే పదిమందితో సమాధి దగ్గర నిలబడి తప్పు చెప్పుకోవాలి, బాకీ ఉంటే వారసులకివ్వాలి.

ఒక చిక్కు ఉంది. మీరు చాటుగా చెప్పిన చాడీ అవతలివారికి తెలియదనుకోండి, వెళ్లి చెప్పాలా? చెప్పాలన్నాడు హఫెత్స్ హయీమ్ అనే రబ్బీ (యూదు మతగురువు). కొత్తగా గాయపరచడం తప్పన్నాడు ఇస్రాయెల్ సలాంతెర్ అనే మరో రబ్బీ. మన మనసు తేలిక కోసం ఇంకొకరి మనసు బరువెక్కించకూడదు కాబట్టి రెండో మాటే న్యాయమనిపిస్తుంది.

3. ఒప్పుకోలు, అంటే విద్దుయ్. తప్పు మానడం, పశ్చాత్తాపపడటం, నోటితో చెప్పడం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, ఈ నాలుగూ ఉండాలి. నిలబడి, కాస్త వంగి, ఒక్కో తప్పు పలికినప్పుడల్లా పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. హీబ్రూలోనే చెప్పాలన్న నియమం లేదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాల్లాగా తెలుగు మాట్లాడేవారు తెలుగులోనే చెప్పుకోవచ్చు.

4. ఒంటిని సిద్ధం చేయండి. మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతోందంటే చాలాసార్లు కారణం ఆకలి కాదు, ఒక్కసారిగా మానేసిన కాఫీ. వారం ముందునుంచే రోజూ కొంత తగ్గించండి. ముందురోజు బాగా తినడం కూడా ధర్మమే. నీళ్లు ఒకేసారి కాకుండా రోజంతా తాగండి. చివరి భోజనంలో ఉప్పు, కారం, వేపుళ్లు వద్దు, దాహం పెంచుతాయి.

5. ఆ రోజు తిండి, నీళ్లతోపాటు స్నానం, నూనె పూసుకోవడం, తోలు చెప్పులు, దాంపత్యం కూడా నిషిద్ధం. గుడ్డ బూట్లు వేసుకోవచ్చు. పొద్దున చేతులు వేళ్ల మొదళ్ల వరకే కడుగుతారు.

6. ప్రాణానికి ముప్పుంటే ఉపవాసం ఉండకూడదు, తినడమే విధి. ప్రసవమై మూడు రోజులు దాటని బాలింత ఉపవాసం చేయదు. కొందరు రోగులకు కొద్దికొద్దిగా తినే పద్ధతి ఉంది: ఒకసారికి సుమారు 30 మిల్లీలీటర్లలోపు తిండి, 40 లోపు నీళ్లు, మధ్యలో 9 నిమిషాల వ్యవధి. మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి, రబ్బీని వారం ముందే అడగాలి. అబ్బాయిలకు 13, అమ్మాయిలకు 12 ఏళ్లు నిండేదాకా పూర్తి ఉపవాసం లేదు.

7. సాయంత్రం నెయిలా అనే ముగింపు ప్రార్థన అయిపోయి షోఫార్ (పొట్టేలు కొమ్ము బాకా) ఊదగానే గిన్నె ముందుకు పరుగెత్తకండి. ముందు ద్రాక్షరసంతో, నిన్నటినుంచి వెలుగుతున్న దీపం నుంచి ముట్టించిన మంటతో హవ్దలా, అంటే పవిత్ర దినానికి వీడ్కోలు పలికే దీవెన, చెప్పాలి. తర్వాత నీళ్లు, పళ్లరసం, కాసేపాగి తేలిక తిండి. ఖాళీ కడుపులో ఒక్కసారిగా నూనె వంటలు పడితే వాంతి కావచ్చు.