పేస్‌మేకర్, ఐసీడీ పెట్టాక మళ్లీ పరుగా? ఎండలు ముదరకముందే ఇవి చూసుకోండి

ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) ఉన్న పెద్దలు, గుండె వేగం ఎంత దాటితే షాక్ ఇస్తుందో డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. పరుగులో దానికి 10–20 తక్కువలోనే ఉండాలి. లేకపోతే మామూలు పరుగునే ప్రమాదమనుకుని షాక్ కొట్టవచ్చు.

పరికరం పెట్టాక మొదటి 4–6 వారాలు, అది పెట్టిన వైపు చెయ్యి భుజం పైకి ఎత్తొద్దు. లోపలి వైర్లు జరిగితే మళ్లీ ఆపరేషనే. దండెం మీద బట్టలు ఆరేయడమూ వద్దు. అలాగని చెయ్యి కదపకుండా ఉంచితే భుజం పట్టేస్తుంది, కిందనే ఆడిస్తూ ఉండండి.

కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఫోన్ చొక్కా జేబులో వద్దు. పరికరానికి 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

మన కర్నూలులో ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటుతుంది. చెమటతో లవణాలు పోతే గుండె లయ తప్పవచ్చు. ఎండెక్కకముందే ఇంటికి చేరండి.

డివైస్ కార్డు (మీ పరికరం వివరాలుండే కార్డు) జేబులో ఉండాలి.