విండోస్ 11 వేసినాక కీబోర్డ్ సతాయిస్తాంటే కొత్తది కొనబాకండి, ముందు ఇవి చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆపేసినాక మా తిరుపతిలో చానామంది 11కి మారినారు, మారినాక కొందరికి కీబోర్డ్ సరిగా పడడంలేదు. షాపుకి పోతే ముందు చెప్పే మాట "కీబోర్డ్ పోయింది సార్, మార్చాల". అప్‌గ్రేడ్ ముందురోజు దాకా బాగా పన్జేసిన కీబోర్డ్ అన్ని కీలూ ఒకేసారి యాడ పోతాయి చెప్పండి?

నోట్‌ప్యాడ్ తెరిచి ఇంగ్లీషులో చిత్తూరు అని మామూలు స్పీడులో కొట్టండి. దాంట్లో 'టీ' రెండు, 'ఓ' రెండు కదా, ఒక్కొక్కటే పడతాంటేనో, కీని కాసేపు నొక్కి పట్టుకుంటేగానీ అక్షరం రాకుంటేనో ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉండచ్చు. కుడిపక్క షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కి ఉంచితే అది ఆన్ చేయాల్నా అని ఒక బాక్సు వస్తాది, దాంట్లో ఏముందో చదవకుండా ఎస్ కొట్టేసుంటారు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, దాంట్లో కీబోర్డ్, అక్కడ ఆపేయండి, స్టిక్కీ కీస్ (షిఫ్ట్ లాంటి కీ నొక్కి వదిలేసినా పట్టుకున్నట్టే ఉంచేది) కూడా.

షిఫ్ట్ 2 కొడితే @ బదులు కొటేషన్ గుర్తు వస్తాంటే అది యూకే లేఅవుట్ (కీల అమరిక). విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీష్ ఇండియాకి మార్చుకోండి. తెలుగు కీబోర్డ్ పెట్టుకున్నోళ్లకి ఇది ఇంకా ఎక్కువ, తెలీకుండానే మారిపోయి పాస్‌వర్డ్ తప్పంటా ఉంటాది.

ఇవేవీ కాకుంటే డ్రైవర్, అంటే కీబోర్డ్‌ని విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్, దాంట్లో కీబోర్డ్స్, మీదాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొడితే విండోస్ మళ్ళీ అదే వేసుకుంటాది. లాగిన్ కాడ కీలు పడకుంటే భయపడబాకండి, కింద కుడి మూల యాక్సెసిబిలిటీ బొమ్మలో ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ ఉంటాది, మౌస్‌తో కొట్టచ్చు. తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరుమీద ఉండే చిప్‌సెట్ (మదర్‌బోర్డ్ మీది ముఖ్యమైన చిప్పులు) డ్రైవర్లు, బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేయండి, బయాస్ వేసేటప్పుడు మాత్రం చార్జర్ పెట్టుకోండి, మధ్యలో ఆఫ్ అయితే పెద్ద తలనొప్పి.

ఇక అసలు తేల్చే టెస్ట్. విండోస్ రాకముందే బయాస్‌లోకి పోండి (ఎఫ్2, డిలీట్, ఎఫ్10, కంపెనీని బట్టి), బాణం కీలు, ఎంటర్ అక్కడ కూడా తప్పుతాంటే విండోస్ మీద నింద వేయబాకండి, హార్డ్‌వేరే. హెచ్‌పీ, డెల్ వాటిల్లో డయాగ్నస్టిక్స్‌లో కీబోర్డ్ టెస్ట్ ఉంటాది, అన్ని కీలూ దాంట్లో చూడచ్చు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందేమో, అట్లుంటే చార్జింగ్ పెట్టకుండా సర్వీస్‌కి ఇవ్వండి, ఆలస్యం చేయబాకండి.

ఏమీ కుదరకుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్ నొక్కితే విండోస్ 10కి తిరిగిపోవచ్చు. ఇది మామూలుగా అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపే ఉంటాది, అంతలోపల డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్ళు తీసేసినారంటే అదీ ఉండదు. కాబట్టి స్టోరేజ్ ఖాళీ చేసే పని ఏదైనా ఉంటే కీబోర్డ్ తేలినాకే పెట్టుకోండి.