మూతబడిన కంపెనీ కాలనీ చూడాలంటే దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

పోయిన నెల నగరంలో మూతబడిన ఒక కంపెనీ గేటు దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన కనిపించారు. తాము కాపురమున్న క్వార్టర్ మనవరాలికి చూపిద్దామని వచ్చారు. లోపలికి పంపిస్తానని బయట ఒకతను పదిహేను వందలు తీసుకుని మాయమయ్యాడు. దయచేసి ఎవరికీ డబ్బులివ్వకండి. ఈ పనికి ఏజెంట్లు ఉండరు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల ఫీజు, పోస్టు చార్జీలు, కాస్త ఓపిక చాలు.

కంపెనీ మూతబడినా భూమికి యజమాని ఉంటారు. ముందు అది తేల్చుకోవాలి. ఉదాహరణకు హైదరాబాద్ బాలానగర్‌లోని ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్) 1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. సోవియట్ సాయంతో ఇక్కడ మందుల ఫ్యాక్టరీ కట్టారు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా ఒకప్పుడు ఇందులో ఉద్యోగం చేసినవారే. 1992లో దీన్ని ఖాయిలా సంస్థగా, అంటే నష్టాల్లో కూరుకుపోయిన సంస్థగా ప్రకటించారు. మూసేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇది కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం కిందికి వస్తుంది. అదే మౌలాలి హెచ్ఎంటీ బేరింగ్స్ అయితే భారీ పరిశ్రమల శాఖ. అలవాటు కొద్దీ కలెక్టరు గారికి అర్జీ రాస్తే పని అవ్వదు, ఈ గేట్ల తాళాలు అక్కడ ఉండవు.

అనుమతి ఇచ్చే అధికారి ఎవరో తెలియనప్పుడు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద అడగాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. “మా నాన్నగారు పనిచేసిన కాలనీ చూడటానికి అనుమతి ఇప్పించగలరు” అని రాసేస్తారు. ఆ చట్టం సమాచారం ఇప్పిస్తుంది, అనుమతి ఇప్పించదు. “ఎందుకు రానివ్వడం లేదు” అని అడిగినా లాభం ఉండదు. రికార్డులో ఉన్నదాన్నే అడగాలి. ఇలా రాయండి: “టౌన్‌షిప్‌లోకి బయటివారి ప్రవేశానికి అనుమతి ఇచ్చే అధికారి హోదా, కార్యాలయ చిరునామా తెలపగలరు. సందర్శకుల ప్రవేశంపై అమల్లో ఉన్న ఉత్తర్వుల నకళ్లు ఇవ్వగలరు.” ఈ రెండూ చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి టెన్షన్ పడకండి.

ఆన్‌లైన్ అయితే కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో వేయాలి. రాష్ట్ర శాఖలకు సంబంధించినవి అక్కడ వేస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు మాత్రం రావు. పోస్టులో అయితే తెలుగులోనే రాయవచ్చు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌ను ఆ సంస్థ అకౌంట్స్ ఆఫీసర్ పేరున తీయండి, పేరు గడి ఖాళీగా వదలకండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు పత్రం జతచేస్తే ఫీజు లేదు. పొరపాటున వేరే కార్యాలయానికి వెళ్లినా అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దానికి కేంద్ర సంస్థల్లో ఫీజు లేదు.

అధికారి హోదా తెలిశాక అసలు అనుమతి లేఖ రాయాలి. పాత గుర్తింపు కార్డు, పీఎఫ్ స్లిప్పు, క్వార్టర్ కేటాయింపు కాగితం, వీటిలో ఏది ఉన్నా జిరాక్స్ జతచేయండి. తండ్రి పేరు సర్వీసు కాగితాల్లో ఒకలా, మీ కాగితాల్లో మరోలా ఉంటే ఆ తేడాను మీరే ముందుగా లేఖలో రాయండి. ఎంతమంది వస్తారో, ఫోటోలు తీసుకుంటారో లేదో చెప్పి, రెండు తేదీలు సూచించండి. “ఏదో ఒక రోజు” అంటే ఫైలు కదలదు. లేఖ స్వయంగా ఇస్తే రెండో ప్రతిపై తేదీతో స్టాంపు వేయించుకోండి. భవనాలు పాడుబడ్డాయని అనుమతి నిరాకరించవచ్చు. అప్పుడు గోడ మాత్రం దూకకండి, అది నేరం. పైగా పైకప్పులు ఏ స్థితిలో ఉన్నాయో బయటి నుంచి తెలియదు.

ఆ పెద్దాయన దగ్గర పాత గుర్తింపు కార్డు భద్రంగా ఉంది. ఆ రెండు ప్రశ్నలూ తెలుగులోనే రాసి స్పీడ్ పోస్టులో పంపించాం. ముప్పై రోజుల గడువు ఈ నెలాఖరుకు పూర్తవుతుంది.