అమెరికాలో బంగారుతీగకు గాలం వేసే పద్ధతి

మన చెరువుల్లో బంగారుతీగ అని పెంచే చేపే అమెరికాలో కామన్ కార్ప్. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో వీకెండ్‌కి రాడ్ పట్టుకుని చెరువు దగ్గరికెళ్లి దీన్ని పట్టారనుకోండి, పక్కన బాస్ అనే చేప కోసం కూర్చున్న పెద్దమనిషి మొహం అదోలా పెట్టి "ట్రాష్ ఫిష్ (చెత్త చేప), గట్టు మీద పారేయ్" అనే అవకాశం ఇప్పటికీ ఉంది. ఆ మాట వినకండి. అలా అనేవాళ్లు తగ్గుతున్నారు, దీని కోసమే సెలవు పెట్టి వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు.

అసలు దీన్ని అక్కడ పెద్దఎత్తున తెచ్చి పంచింది ప్రభుత్వమే. 1877లో అమెరికా చేపల కమిషన్ అధిపతి స్పెన్సర్ బెయిర్డ్ జర్మనీ నుంచి తెప్పించి ముందు బాల్టిమోర్‌లోని డ్రూయిడ్ హిల్ పార్కు చెరువుల్లో, తర్వాత వాషింగ్టన్ మాన్యుమెంట్ పక్క చెరువుల్లో పెంచాడు. మన దగ్గర ఎమ్మెల్యే సిఫార్సు ఉత్తరాల్లాగే అప్పట్లో కాంగ్రెస్ సభ్యుల ద్వారా ఊరూరా చేపపిల్లలను పంచారు. అది కాస్తా విపరీతంగా పెరిగి, అడుగు బురద కెలికి, నీటి మొక్కలు పీకి, బాతులకు మేత లేకుండా చేయడంతో కొన్నేళ్లకే పేరు చెడిపోయింది. ఆ నింద అబద్ధమేమీ కాదు, ఈరోజుకీ చాలా సరస్సుల్లో నిజమే. కానీ చెరువుకు చేటు చేసేదీ, గాలానికి పడితే ముచ్చెమటలు పట్టించేదీ ఒకే చేప కావచ్చు కదా. ఆ రెండో సంగతి ఇంగ్లండ్ నుంచి, తూర్పు యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు ముందే తెలుసు, అమెరికన్లకు మెల్లగా ఎక్కింది. 1993లో కార్ప్ పట్టేవాళ్ల సంఘం కార్ప్ యాంగ్లర్స్ గ్రూప్ మొదలైంది, 2005లో న్యూయార్క్ రాష్ట్రం వాడింగ్టన్ దగ్గర సెయింట్ లారెన్స్ నదిలో ప్రపంచ కార్ప్ పోటీలు పెట్టారు. ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో పట్టడం) వాళ్లయితే తమకిష్టమైన ట్రౌట్ చేపను వదిలేసి మరీ మిషిగన్ సరస్సులోని బీవర్ ఐలాండ్ చుట్టుపక్కల లోతు లేని నీళ్లలో దీని వెంట తిరుగుతున్నారు.

ఇక పనిలోకి వద్దాం. ముందు లైసెన్స్ (టెక్సస్‌లో 17 ఏళ్లు, న్యూయార్క్‌లో 16 ఏళ్లు నిండితే తప్పనిసరి; టెక్సస్ స్టేట్ పార్కుల్లో మాత్రం గట్టు మీద నుంచి పట్టడానికి అక్కర్లేదు). ఎన్ని రాడ్లు వేయొచ్చు, నీళ్లలో ముందుగా మేత చల్లొచ్చా అనేవి రాష్ట్రానికో రకంగా ఉంటాయి, వెళ్లే ముందు చూసుకోండి.

ఎరకి ఖర్చు దాదాపు సున్నా. పశువుల దాణా అమ్మే షాపులో ఎండు మొక్కజొన్న గింజల సంచి తెచ్చుకుని, ఒక రోజంతా నానబెట్టి అరగంట ఉడికించండి. ఎండు గింజలు అలాగే చల్లకూడదు, చేప కడుపులో ఉబ్బుతాయి. ఓట్స్‌లో క్రీమ్డ్ కార్న్ డబ్బా ఒంపి పిసికితే వచ్చే ముద్దను లైనుకి కట్టిన సీసం గుండు చుట్టూ నొక్కి విసిరితే అడుగున కాసేపటికి విడిపోయి గాలం పక్కనే చిన్న కుప్ప అవుతుంది. ఊళ్లో తవుడు ముద్ద, వేరుశనగ చెక్క పెట్టి పట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

అసలు కిటుకు హెయిర్ రిగ్‌లో, అంటే ఎరను వెంట్రుకలాంటి దారానికి కట్టే పద్ధతిలో ఉంది. ఇంగ్లండ్‌లో 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ కనిపెట్టారు, మొదట నిజంగా తలవెంట్రుకతోనే కట్టారు. గింజను గాలానికి గుచ్చరు. గాలం వంపు దగ్గర నుంచి ఓ సెంటీమీటరు దారం వదిలి దానికి రెండు మూడు గింజలు ఎక్కిస్తారు. కార్ప్ మేతను పీల్చుకుంటుంది, అనుమానం వస్తే వెంటనే ఊదేస్తుంది. అలా ఊదినప్పుడు ఏమీ గుచ్చని గాలం మొన కింది పెదవికి తగులుకుంటుంది, రెండు మూడు ఔన్సుల సీసం బరువుకి చేప బెదిరి పరుగెడుతుంది, ఆ పరుగులోనే గాలం దిగుతుంది. మీరు లాగి కొట్టాల్సిన పనే లేదు. 4 లేదా 6 నంబరు గాలం, 12-15 పౌండ్ల బరువు ఆపే లైను చాలు. గాలం మీద వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయండి.

రీల్ డ్రాగ్ (లైను బయటికి జారకుండా పట్టే బిగింపు) మాత్రం వదులుగా పెట్టండి, లేదంటే స్టాండ్ మీదున్న రాడ్ నీళ్లలోకి పోతుంది, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

వేళ ఉదయం, సాయంత్రం. ఎక్కడ వేయాలో నీళ్లే చెబుతాయి: ఒకేచోట బుడగల గుంపు, ఉన్నట్టుండి మసకబారిన నీళ్లు, లేదా ధభీమని ఒక దూకుడు. వసంతం చివర్లో ఒడ్డు పక్క గడ్డిలో గుంపుగా కొట్టుకుంటూ కనిపిస్తే గుడ్లు పెడుతున్నాయని అర్థం, అప్పుడు మేత మీద ధ్యాస ఉండదు, వదిలేయండి.

చేప పడ్డాక నోటి పక్క చూడండి. రెండు జతల మీసాలుంటే కార్ప్. లేకపోతే అది బఫెలో అయి ఉండొచ్చు, అక్కడి సొంత చేప, చూడ్డానికి కార్ప్‌లాగే ఉంటుంది కాబట్టి కార్ప్ మీద కోపం బఫెలో ఖాతాలో కూడా పడింది. బిగ్‌మౌత్ బఫెలో 112 ఏళ్లు బతికినట్టు 2019లో తేల్చారు, అంత వయసు చేపని గట్టు మీద విసిరేసేవాళ్లని ఏమనాలి? నీళ్ల మీద ఎగిరే సిల్వర్ కార్ప్ సంగతి వేరు, అది సన్నటి నాచు, పురుగులు వడపోసుకుని తినే చేప, మొక్కజొన్నకి సాధారణంగా పడదు.

పెద్ద వల పెట్టి ఎత్తండి, తడిపిన మ్యాట్ మీద పడుకోబెట్టండి (పాత యోగా మ్యాట్ అయినా సరే), పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి జిగట పోతుంది. ఫొటో కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని తీయించుకోండి, నిలబడి ఎత్తితే జారి పడుతుంది, మొప్పల్లో వేళ్లు మాత్రం పెట్టకండి. ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ లేక్‌లో 33 అంగుళాలు, అంతకు మించిన కార్ప్ రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చని రూల్, అంటే రాష్ట్రమే పెద్ద చేపల్ని కాపాడుతోంది. అలాగని బతికున్నదాన్ని బకెట్లో వేసుకెళ్లి ఇంటి వెనక చెరువులో వదిలితే అది చాలా రాష్ట్రాల్లో నేరం, పైగా పాత తప్పునే మళ్లీ చేయడం.

పులుసు పెట్టొచ్చా అని అడుగుతారని తెలుసు. ముళ్లు మనకు లెక్క కాదు. కానీ ఇది అడుగు మేత తిని చాలా ఏళ్లు బతికే చేప, పట్టణ నదుల్లో పీసీబీల్లాంటి ఫ్యాక్టరీ రసాయన విషాలు కొవ్వులో పేరుకుంటాయి, కాబట్టి ముందు ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏ నీళ్ల చేప ఎంత తినొచ్చని చెబుతోందో చూడండి. తినొచ్చంటే రెండు మూడు పౌండ్లది తెచ్చుకుని, తోలు, పొట్ట కొవ్వు తీసేసి, ఉప్పు నిమ్మకాయతో కడిగి పెట్టుకోండి, బురద వాసన చాలావరకు పోతుంది.